జూన్‌లో చేర్చుకుని ఏప్రిల్‌లో ఆపేస్తే

అందరికీ నమస్కారం. ఆదివారం కూడా పేపర్లు దిద్దుకునే వాళ్లు మీరు. ఆ పని పక్కన పెట్టి వచ్చినందుకు సంతోషం.

మనం ప్రైవేటు బడుల టీచర్లం, మనలో చాలామంది చేతిలో అపాయింట్‌మెంట్ ఆర్డర్ లేదు. జూన్‌లో కరస్పాండెంట్ గారు నోటిమాటగా జీతం చెబుతారు, ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసి బీరువాలో పెట్టుకుంటారు. ఏప్రిల్ రాగానే 'కాంట్రాక్టు అయిపోయింది, మళ్లీ జూన్‌లో రండి' అంటారు. మే నెల జీతం రాదు. కానీ అదే మే ఎండల్లో ఇంటింటికీ తిరిగి అడ్మిషన్లు తెమ్మంటారు. ఇది పచ్చి అన్యాయం.

ఏటా ఇలా ఆపేది మే జీతం మిగుల్చుకోవడానికే కాదు, సర్వీసు తెగిందని చూపించి గ్రాట్యుటీ, అంటే ఏళ్లు పనిచేసి మానేసేటప్పుడు యాజమాన్యం ఇవ్వాల్సిన సొమ్ము, ఎగ్గొట్టడానికి కూడా. టీచర్లు గ్రాట్యుటీ చట్టం కిందికి రారని 2004లో సుప్రీంకోర్టే చెప్పింది. పార్లమెంటు 2009లో చట్టం సవరించి, 1997 ఏప్రిల్ 3 నుంచే టీచర్లకు వర్తించేలా చేసింది. ప్రైవేటు బడుల యాజమాన్యాలు దాని మీద కోర్టుకెక్కి 2022 ఆగస్టులో సుప్రీంకోర్టులో ఓడిపోయాయి. కాబట్టి ఇది వాళ్లు దయతలచి ఇచ్చేది కాదు.

లెక్క సులువే. చివరి జీతంలో బేసిక్, డీఏ కలిపి 26తో భాగించండి, 15తో, సర్వీసు ఏళ్లతో గుణించండి. 20,000 మీద ఎనిమిదేళ్లు చేసిన టీచరుకు 92,000 పైనే వస్తుంది. ఐదేళ్ల నిరంతర సర్వీసు ఉండాలి, నిజమే. అయితే ఉద్యోగి తప్పు లేకుండా పని ఆగిపోతే సర్వీసు తెగినట్టు కాదని చట్టంలోనే ఉంది. వేసవి సెలవులు మనం అడిగి పెట్టించుకున్నవా? పైగా 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ ప్రకారం, గడువు రాసి కాంట్రాక్టు మీద తీసుకున్న వాళ్లకు ఆ గడువు ముగిసినప్పుడు ఐదేళ్ల షరతు లేదు. కాకపోతే ఆ కాంట్రాక్టు రాతలో ఉండాలి. ఆర్డర్ అడగమని మీ వెంటపడేది ఇందుకే.

ఉద్యోగం తీసేస్తే ఏం చేయాలన్నది కొంచెం కష్టమైన సంగతి. టీచరు కార్మిక వివాదాల చట్టం చెప్పే 'వర్క్‌మన్' (కార్మికుడు) కాదని 1988లో సుప్రీంకోర్టు తేల్చింది, అందువల్ల ఆ దారిలో లేబర్ కోర్టుకు వెళ్లలేం. మనకున్న ఆధారం 1982 నాటి ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టం, 79వ సెక్షన్. అభియోగాలు చెప్పకుండా, విచారణ జరపకుండా ప్రైవేటు బడి టీచరును తొలగించకూడదు. కాంట్రాక్టు గడువు అయిపోయిందనే సాకు దగ్గర మాత్రం మన వాదన బలహీనపడుతుంది. అక్కడ మీకు తప్పుడు ధైర్యం చెప్పను.

జీతాలివ్వడానికి డబ్బుల్లేవంటారా? 1994 నాటి జీవో నంబర్ 1 ప్రకారం ఫీజుల రాబడిలో సగం జీతాలకే పోవాలి. సిబ్బంది పీఎఫ్, గ్రాట్యుటీ, గ్రూపు ఇన్సూరెన్సుకు మరో 15 శాతం పక్కన పెట్టాలి. ఇరవై మంది పనిచేసే బడిలో పీఎఫ్ కట్టాల్సిందే. మీ యూఏఎన్ (పీఎఫ్ ఖాతాదారుకు ఇచ్చే నంబరు) తీసి పాస్‌బుక్ చూసుకోండి. మీ వాటా కోసి జమచేయని బడులూ ఉన్నాయి.

వచ్చే జూన్‌లో జీతం బ్యాంకులోనే వేయమనండి. సర్టిఫికెట్లు చూపించి, జిరాక్సులు ఇచ్చి, ఒరిజినల్స్ వెంటనే వెనక్కి తీసుకోండి. ఒక్కరే అడిగితే టార్గెట్ అవుతారు, స్టాఫ్ రూమ్ అంతా కలిసి అడగండి.

మానేసినా గ్రాట్యుటీ రాని వాళ్లు ఇక్కడ కొందరున్నారు. చేరిన తేదీ, ఆపేసిన తేదీ, చివరి జీతం కాగితం మీద రాసి ఈ బల్ల దగ్గరికి రండి. దరఖాస్తులు ఇవాళే రాద్దాం.