రక్తం ఇచ్చే ముందు

శ్రోతలందరికీ నమస్కారం. ఈ రోజు జీన్ టెస్టుల గురించి మాట్లాడతాను, అంటే ఇప్పుడు నిక్షేపంగా ఉన్న మనిషికి రేపెప్పుడో పెద్ద వైకల్యం తెచ్చే జబ్బు వస్తుందా రాదా అని ముందే చెప్పేసే టెస్టులు. సబ్జెక్టు చాలా పెద్దది, నాకిచ్చిన టైమ్ తక్కువ, అందుకని ఒక్క జబ్బు పట్టుకుంటాను, దాని పేరు హంటింగ్టన్, తల్లిదండ్రుల నుంచి పిల్లలకి వచ్చే మెదడు జబ్బు.

1968లో లాస్ ఏంజెలిస్‌లో లియొనోర్ వెక్స్లర్ అనే ఆవిడ పొద్దున్నే కోర్టు పని మీద వెళ్తూ రోడ్డు దాటుతోంది. నడక తూలుతోంది. ఒక పోలీసాయన చూసి, ఇంత పొద్దున్నే తాగేసి రావడానికి సిగ్గుగా లేదా అన్నాడు. ఆవిడ తాగలేదు. తను తూలుతున్నట్టు కూడా ఆవిడకి తెలీదు. కానీ ఆ మాట వినగానే గుండె జారిపోయి ఉంటుంది, ఎందుకంటే వాళ్ళ నాన్నకీ ముగ్గురు అన్నలకీ వచ్చింది ఈ జబ్బే.

ఇది ఎక్కువగా ముప్ఫై నుంచి యాభై ఏళ్ళ మధ్యలో బయటపడుతుంది. అప్పటిదాకా మనిషి బాగానే ఉంటాడు, చదువుకుంటాడు, పెళ్లి చేసుకుంటాడు, పిల్లల్ని కంటాడు. తర్వాత చేతులూ కాళ్ళూ వాటంతటవే కదలడం మొదలవుతుంది, మాట ముద్దగా వస్తుంది, మింగడం కష్టమవుతుంది, కోపం, దిగులు, మతిమరుపు, చివరికి మంచం. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకీ సగం సగం ఛాన్సు. బొమ్మా బొరుసా వేసినట్టే, పైగా ఒక బిడ్డకి వచ్చింది కదా అని ఇంకో బిడ్డ తప్పించుకున్నట్టు కాదు, ఎవరి బొమ్మా బొరుసూ వాళ్ళదే.

లియొనోర్‌కి ఇద్దరు ఆడపిల్లలు, ఆలిస్, నాన్సీ. ఇద్దరూ అప్పుడు ఇరవైల్లో ఉన్నారు. వాళ్ళ నాన్న కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. తర్వాత ఆయన ఈ జబ్బు మీద రీసెర్చ్ కోసం ఒక ఫౌండేషన్ పెట్టాడు, చిన్నమ్మాయి నాన్సీ ఆ పనిలోకే దిగింది. జబ్బున్న కుటుంబాలు ఒకేచోట ఎక్కువమంది దొరికితే ఆ జబ్బు తెచ్చే జీన్‌ని పట్టుకోవచ్చని వెతుక్కుంటూ 1979లో వెనిజులాలోని మరకైబో సరస్సు దగ్గరికి వెళ్లింది.

అక్కడి జాలరి పల్లెల్లో తరతరాలుగా ఈ జబ్బు ఉంది. కొన్ని ఇళ్ళయితే నీళ్ళ మీదే, కర్రలు పాతి కట్టుకున్నవి. ఆ జబ్బు ఏంటో గుర్తుపట్టింది కూడా బయట నుంచి వచ్చినవాళ్ళు కాదండీ, అమెరికో నెగ్రెట్టె అని ఆ దేశపు డాక్టరే, 1950ల్లో. అప్పటిదాకా వాళ్ళు తాగి ఊగుతున్నారనే అందరూ అనుకున్నారు. చూడండి, లాస్ ఏంజెలిస్‌లో అయినా మరకైబోలో అయినా అదే మాట, తాగుబోతు.

నాన్సీ, ఆమె టీమ్ ఏటా వెళ్ళేవాళ్ళు. రక్తం కావాలి, చిన్న చర్మపు ముక్క కావాలి. ఎవరో తెల్లవాళ్ళు వచ్చి రక్తం ఇవ్వమంటే ఎందుకిస్తారు? నాకు బాగా ఇష్టమైన సంగతి ఇక్కడే ఉంది. జనం వెనకాడుతుంటే టీమ్‌లో ఉన్న అర్జెంటీనా నర్సు ఫిదేలా గోమెజ్, నాన్సీ చెయ్యి పట్టుకుని పైకెత్తి, చర్మం తీసిన మచ్చ అందరికీ చూపించింది. ఈమె వాళ్ళమ్మకీ ఇదే జబ్బు, ఈమె కూడా ఇచ్చింది, ఇదిగో మచ్చ అని. ఈమె కూడా మనలో మనిషే అని అప్పుడు తెలిసింది వాళ్ళకి. ఆ తర్వాత ఇచ్చారు, ఒకరూ ఇద్దరూ కాదు, ఏళ్ళ మీద నాలుగు వేలకు పైగా రక్తం శాంపిల్స్, పద్దెనిమిది వేల మంది ఉన్న వంశవృక్షం.

ఆ రక్తం వల్లే 1983లో జేమ్స్ గుసెల్లా అనే సైంటిస్టు టీమ్ ఆ జీన్ నాలుగో క్రోమోజోమ్ మీద, అంటే మన జీన్లన్నీ ఉండే పోగుల్లో ఒకదాని మీద, ఎక్కడో ఉందని పట్టుకుంది. ఆ ఎక్కడో అన్నది సరిగ్గా ఎక్కడో తేలడానికి ఇంకో పదేళ్ళు, 1993. ఆ జీన్ రాతలో సీఏజీ అనే మూడక్షరాల ముక్క మళ్ళీ మళ్ళీ వస్తుంది, అందరిలోనూ వస్తుంది, కానీ 40 సార్లు, అంతకు మించి వస్తే మామూలు ఆయుష్షు బతికిన మనిషికి జబ్బు తప్పదు. ఒక్క రక్తం ట్యూబు, ఒక్క నంబరు.

మరి టెస్టు వచ్చింది కదా, అందరూ పరుగెత్తుకెళ్ళి చేయించుకున్నారా? లేదు. ఈ రిస్కున్న కుటుంబాల్లో ఎక్కువమంది చేయించుకోలేదు. ఆ జీన్ కోసం జీవితం ధారపోసిన నాన్సీ కూడా తన సంగతి చాలా ఏళ్ళు తన దగ్గరే ఉంచుకుంది. తనకీ ఆ జబ్బే ఉందని 2020లో బయటికి చెప్పింది, 74 ఏళ్ళ వయసులో.

తెలుసుకుంటే మంచిదే కదా అంటారు మనవాళ్ళు. కొన్నిటికి నిజంగా మంచిదే. పుట్టిన బిడ్డకి మడమ దగ్గర రెండు చుక్కల రక్తం తీసి థైరాయిడ్ చూస్తారు, లోపం ఉంటే వెంటనే మాత్ర మొదలుపెడితే బిడ్డ బుద్ధి మామూలుగా ఎదుగుతుంది, దాంట్లో ఆలోచించేదేం లేదు, చేయించాలి. హంటింగ్టన్‌లో అలా కాదు. చేతులూ కాళ్ళూ కదిలిపోవడం తగ్గించే మందులున్నాయి, దిగులుకి మందులున్నాయి, జబ్బుని నయం చేసే మందు లేదు. అలాంటప్పుడు తెలుసుకోవాలా వద్దా అన్నది డాక్టరు చెప్పేది కాదు, అత్తగారు చెప్పేది కాదు, పెళ్ళిసంబంధం తెచ్చినవాళ్ళు చెప్పేది అసలే కాదు. ఆ మనిషి చెప్పాలి.

అంత తేలిక కూడా కాదు లెండి. తాతకి జబ్బుంది అనుకోండి. తండ్రి నాకొద్దు, నేను తెలుసుకోను అన్నాడు. మనవడికి పాతికేళ్ళు, పెళ్ళికి ముందు తెలుసుకుంటానంటాడు. మనవడికి ఉందని తేలిందా, తండ్రికీ ఉన్నట్టే, ఆయన అడక్కుండానే తెలిసిపోతుంది. ఎవరి మాట నెగ్గాలి? నాకైతే పిల్లాడి వైపే మొగ్గు, వాడి ముందు చాలా జీవితం ఉంది, కానీ రక్తం ఇచ్చే ముందు ఇద్దరూ ఒక గదిలో కూర్చుని మాట్లాడుకోవాలి, ఆ తర్వాత కాదు. చిన్నపిల్లల విషయంలో మాత్రం నాకు అనుమానమే లేదు. 1994లో రోగుల సంఘాలూ న్యూరాలజిస్టులూ కలిసి రాసుకున్న నియమాల్లోనే ఉంది, లక్షణాలేమీ లేని మైనర్‌కి ఈ టెస్టు చెయ్యకూడదని. పదేళ్ళ పిల్లని తల్లిదండ్రులు ముచ్చటపడి టెస్టు చేయిస్తే ఆ పిల్ల పెద్దయ్యాక వద్దనే హక్కు పోయినట్టే.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. మరకైబో వాళ్ళ రక్తంతో వచ్చిన టెస్టు ప్రపంచమంతా వాడుతోంది. వాళ్ళ ఊళ్ళో రోగుల్ని చూసుకోవడానికి పెట్టిన ఆశ్రమం డబ్బుల్లేక మూతపడింది. 2017లో ఆ కుటుంబాల్లో కొందరు రోమ్ వెళ్ళి పోప్ ఫ్రాన్సిస్‌ని కలిశారు, జబ్బుని ఇక దాచుకోనక్కర్లేదని ఆయన చెప్పారు, అది గొప్ప విషయమే, కానీ రక్తం ఇచ్చినవాళ్ళకి మందు కూడా అందాలి కదండీ.

ఈ జబ్బు మన దేశంలోనూ ఉంది. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో మెడికల్ జెనెటిక్స్ విభాగం, అంటే జీన్ల వల్ల వచ్చే జబ్బుల్ని చూసే విభాగం ఉంది, మెదడు, మానసిక జబ్బుల ఆసుపత్రి బెంగళూరు నిమ్హాన్స్ ఉంది. మీ ఇంట్లో ఇలాంటిది ఉందని అనుమానమొస్తే నేరుగా ల్యాబుకి వెళ్ళకండి, ముందు జెనెటిక్ కౌన్సెలింగ్ అడగండి, అంటే టెస్టు గురించీ దాని ఫలితం గురించీ కూర్చోబెట్టి వివరంగా మాట్లాడటం, టెస్టుకి ముందు, తర్వాత కాదు. వెళ్ళేటప్పుడు ఒక కాగితం మీద తాతల దగ్గర్నుంచి రాసుకెళ్ళండి, ఎవరికి ఏ వయసులో నడక మారింది, ఎవరిని తాగుబోతు అన్నారు, ఎవరు చెప్పకుండా పోయారు. మీకు బాగా దగ్గరైనవాళ్ళని ఒక్కరిని తోడు తీసుకెళ్ళండి. రక్తం ఇచ్చేశాక కూడా, రిజల్ట్ కవరు టేబుల్ మీద ఉన్నా సరే, నాకు చెప్పొద్దు అనొచ్చు. ఆ మాట అక్కడివాళ్ళు వింటారా లేదా అన్నది మొదటి రోజే అడగండి.