మినీనెట్‌లో 10 గిగాబిట్ లింక్: ఆ బీడబ్ల్యూ ఆప్షన్‌ని నమ్మకండి

అందరికీ నమస్కారం. ఇది స్పాన్సర్డ్ వీడియో కాదు. మినీనెట్ అంటే ఒకే కంప్యూటర్‌లో హోస్టులు, స్విచ్‌లతో ఉత్తుత్తి నెట్‌వర్క్ నడిపే ఫ్రీ సాఫ్ట్‌వేర్, శాంపిల్ పంపేవాళ్ళే లేరు. ఇన్‌స్టలేషన్, ఫీచర్ల లిస్టు మీరు వేరే వీడియోల్లో చూసే ఉంటారు, వాటి జోలికి పోను.

నా గొడవంతా టీసీలింక్‌లోని బీడబ్ల్యూతోనే. టీసీలింక్ అంటే స్పీడ్, డిలే మనమే పెట్టుకోగల లింక్; బీడబ్ల్యూ అంటే దాని బ్యాండ్‌విడ్త్, మెగాబిట్లలో. అక్కడ 10000 అని రాస్తే 10 గిగాబిట్ లింక్ వచ్చేసిందనుకుంటాం. రాదండీ. కోడ్‌లో దాని పైహద్దు 1000 మెగాబిట్లు. అది దాటితే ‘ఇగ్నోరింగ్’ అని ఒక లైన్ పడేసి, లిమిట్ అసలు పెట్టకుండానే ముందుకెళ్ళిపోతుంది. ఎర్రర్ ఇచ్చి ఆగిపోతే పీడా పోయేది! ఆ తర్వాత స్పీడ్ కొలిచే ఐపెర్ఫ్ టూల్ చూపించే నంబర్ లింక్‌ది కాదు, మీ సీపీయూది.

అందుకే బీడబ్ల్యూ వదిలేసి, రెండు స్విచ్‌ల మధ్య పోర్టు మీద లైనక్స్ టీసీ కమాండ్‌తో చేత్తోనే టీబీఎఫ్, అంటే స్పీడ్‌ని అదుపు చేసే ఫిల్టర్, పెట్టుకోండి. రేట్ 10 గిగాబిట్, బర్స్ట్ (ఒక్కసారిగా వదలగలిగేది) 50 లక్షల బైట్లు, లిమిట్ (క్యూలో ఆగగలిగేది) రెండున్నర కోట్ల బైట్లు. బర్స్ట్ అంతెందుకంటే, రేటుని కెర్నల్ హెచ్‌జడ్‌తో, అంటే కెర్నల్ టైమర్ సెకనుకి ఎన్నిసార్లు కొడుతుందో ఆ సంఖ్యతో, భాగించాలి. 250 అయితే సెకనుకి 125 కోట్ల బైట్లు భాగారం 250, సరిగ్గా 50 లక్షలు.

ఇక డిలే. ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. 20 మిల్లీసెకన్ల డిలే అంటే నెట్‌ఎమ్ (టీసీలో డిలే కలిపే భాగం) ప్రతి ప్యాకెట్‌నీ అంతసేపు తన క్యూలోనే పట్టి ఉంచుతుంది. ఆ క్యూ డీఫాల్ట్‌గా 1000 ప్యాకెట్లే. 10 గిగాబిట్‌కి 20 మిల్లీసెకన్లంటే 25 మెగాబైట్లు, అంటే 1500 బైట్ల ప్యాకెట్లు దాదాపు 16,700. చిన్న ప్యాకెట్లని కలిపి పెద్ద ముక్కలుగా పంపే టీఎస్‌ఓ, జీఎస్‌ఓ ఆపేసి ఉంటే 1000 ప్యాకెట్లతో వచ్చేది 600 మెగాబిట్లే, మిగతావి డ్రాప్. ఇది తెలియక టీసీపీని తిడుతుంటారు. ‘టీసీ మైనస్ ఎస్ క్యూడిస్క్ షో’ కొట్టి డ్రాప్డ్ చూడండి. పెరుగుతుంటే నెట్‌ఎమ్ లిమిట్‌ని 50000 ప్యాకెట్లు చేయండి. మినీనెట్ స్క్రిప్ట్‌లో అయితే దాని పేరు మ్యాక్స్ క్యూ సైజ్.

డ్రాప్స్ లేవు, అయినా స్పీడ్ రావట్లేదా? టీసీపీ కనెక్షన్ల వివరాలు చూపించే ‘ఎస్‌ఎస్ మైనస్ టీఐ’ కొట్టండి. ఆర్‌డబ్ల్యూఎన్‌డీ లిమిటెడ్ (అందుకునే వైపు) అనో, ఎస్ఎన్‌డీబఫ్ లిమిటెడ్ (పంపే వైపు) అనో కనిపిస్తే బఫర్ చాలట్లేదని అర్థం. అందుకునే బఫర్ టీసీపీ ఆర్‌మెమ్ గరిష్ఠం మామూలుగా 6 మెగాబైట్లు, పంపే బఫర్ డబ్ల్యూమెమ్‌ది 4. రెండూ 64 చేయండి, అదీ హోస్ట్ టెర్మినల్ లోపలే, ఎందుకంటే ఒక్కో హోస్ట్‌కి నెట్‌వర్క్ నేమ్‌స్పేస్, అంటే దాని సొంత నెట్‌వర్క్ సెట్టింగులు, వేరు. ఐపెర్ఫ్3లో బఫర్ సైజ్ పెట్టే మైనస్ డబ్ల్యూ మాత్రం వాడకండి, బఫర్ దానంతటదే పెరిగే ఆటోట్యూనింగ్ ఆగిపోతుంది.

అన్నట్టు, ఐపెర్ఫ్3 వెర్షన్ 3.16 కంటే పాతదైతే మైనస్ క్యాపిటల్ పీ 8 పెట్టినా ఎనిమిది స్ట్రీములూ ఒకే థ్రెడ్ మీద నడుస్తాయి. టాప్ కమాండ్‌లో ఆ ప్రాసెస్ 100 శాతం దగ్గర ఆగిపోయిందేమో చూడండి.

నా మాట: 1 గిగాబిట్ వరకు మినీనెట్ బీడబ్ల్యూని కళ్ళు మూసుకుని వాడొచ్చు, డిలే పెడితే మాత్రం క్యూ చూసుకోండి. 10కి టోపాలజీ, అంటే ఏది దేనికి కలవాలనే అమరిక, వరకే దానికి వదిలేసి, లింకులు మీరే పెట్టుకోండి. 100 గిగాబిట్ ఫలితాలు కావాలంటే నిజమైన నెట్‌వర్క్ కార్డులు కొనుక్కోవాల్సిందే.