పైకప్పు మీద పనిచేసే చేతులు

శ్రోతలకు నమస్కారం.

రేకు అంచుకు చెయ్యి కోసుకున్న మనిషిని గ్లౌజులు లేవా అని అడిగి చూడండి. చాలాసార్లు ఉన్నాయనే చెబుతాడు. జేబులో ఉంటాయి. స్క్రూ వేళ్లకు అందడం లేదని తీసి ఉంటాడు, చెమటకు లోపలంతా చిత్తడిగా ఉందని తీసి ఉంటాడు, టేపు పట్టి గీత గీయడానికి అడ్డం వచ్చిందని తీసి ఉంటాడు. ఒక్క నిమిషమే కదా అనుకుంటాడు. దెబ్బ తగిలేది ఆ నిమిషంలోనే. కాబట్టి గ్లౌజులు వేసుకోండి అని చెప్పి ఊరుకుంటే సరిపోదు. వాటిని తీయాల్సిన అవసరం ఎందుకు వస్తోంది, ఆ అవసరం రాకుండా పనిని ఎలా అమర్చుకోవాలి అన్నది తేలాలి. ఇది పనివాళ్లు మాత్రమే వినే మాట కాదు. సామాను తెప్పించే మేస్త్రీలు, పని చేయించుకునే ఇంటివాళ్లు కూడా వినాలి.

ముందు రేకు అంచు సంగతి చూద్దాం. పైకప్పుకు వేసే ఇనుప రేకు మందం సాధారణంగా అర మిల్లీమీటరుకు అటూఇటూ ఉంటుంది. కోసిన అంచు మీద ఒక పాత గుడ్డముక్కను మెల్లగా లాగి చూడండి. ఒక వైపు నున్నగా జారుతుంది, రెండో వైపు గుడ్డ దారాలు పట్టుకుంటాయి. కోతలో లోహం ఒక పక్కకు ఒరిగి, కంటికి ఆనని పళ్లలా నిలబడుతుంది. దారాలను పట్టుకునేది అదే. చర్మాన్ని పట్టుకునేదీ అదే.

అయితే చేతిని లోతుగా కోసేది రేకు బరువు కన్నా దాని జారుడు. అంచు మీద అరచెయ్యి ఊరికే ఒత్తితే గీత పడి వదిలేయవచ్చు. అదే ఒత్తిడితో అంచు రెండు అంగుళాలు జారిందంటే కత్తితో కోసినట్టే. చర్మం తెగి, దాని కింద వేలిని ఆడించే టెండన్ దాకా వెళ్తుంది. కొత్త రేకుల మీద సన్నటి నూనె పూత ఉంటుంది, పొద్దున పూట మంచు తడి ఉంటుంది, గాలి వీస్తే రేకు తెరచాపలా లేస్తుంది. జారడానికి ఇన్ని కారణాలున్నాయి. అందుకని అందరూ ముందే మాట్లాడుకుని ఒప్పుకోవాల్సిన నియమం ఒకటుంది: జారుతున్న రేకును ఎవరూ పట్టుకోకూడదు. వదిలేయాలి. కింద మనుషులు తిరగకుండా తాడు కట్టి పెట్టుకుంటే వదిలేయడానికి మనసు ఒప్పుతుంది. కింద ఎవరో ఉన్నారన్న భయమే చేతిని ముందుకు చాపిస్తుంది.

పొడుగు రేకును ఇద్దరు మోయాలి. దించేటప్పుడు ‘దించు’ అని చెప్పేది ఒక్కరే కావాలి, ఇద్దరూ అరిస్తే అర సెకను తేడాలో ఒకరి వేళ్లు కింద పడతాయి. దించే చోట ముందే రెండంగుళాల మందం చెక్కలు పరిచి ఉంచండి. వేళ్లు బయటికి రావడానికి ఆ సందు చాలు. ఇంత చిన్న ఏర్పాటు లేకనే పర్లిన్‌కూ, అంటే రేకును మోసే అడ్డ దూలానికీ, రేకుకూ మధ్య వేలి చివర్లు నలుగుతుంటాయి.

కోత విషయానికి వస్తే, చాలామంది చేతిలో ఉండేది గ్రైండర్. పని త్వరగా అవుతుంది, నిజమే. కానీ 100 మిల్లీమీటర్ల చక్రం నిమిషానికి 11,000 చుట్లు తిరిగితే దాని అంచు వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది. స్విచ్ ఆపాక కూడా చక్రం కొన్ని సెకన్లు తిరుగుతూనే ఉంటుంది, చప్పుడు తగ్గిందని పక్కన పెట్టబోతే మణికట్టుకు తగులుతుంది. పైగా గ్రైండర్ కోత రేకు అంచున గరుకు పళ్లు మిగులుస్తుంది, జింకు పూతను కాల్చేస్తుంది. అక్కడి నుంచే తుప్పు మొదలు. చేతికీ చేటు, రేకుకూ చేటు. వీలైన చోటల్లా రేకు కత్తెర వాడమనే మా సలహా. వీటి పిడులకు రంగులుంటాయి: ఎరుపు పిడి కత్తెర ఎడమకు తిప్పి కోయడానికి, ఆకుపచ్చది కుడికి, పసుపుది నేరుగా. తప్పు కత్తెరతో వంపు కోయబోతే రేకు దవడల్లో ఇరుక్కుంటుంది. అప్పుడు రెండో చేత్తో ఆ అంచును పట్టి గుంజుతారు, వేళ్లు తెగేది అక్కడే.

కత్తెర వాడే తీరులో ఒక చిన్న కిటుకు ఉంది. ప్రతి కోతకూ దవడలను చివరిదాకా మూయకండి. కొన ఇంకా కాస్త తెరిచి ఉండగానే ముందుకు తోసి మళ్లీ తెరవండి. పూర్తిగా మూస్తే ఆ చోట ముల్లులాంటి కొక్కెం మిగులుతుంది. తర్వాత అంచు మీద చెయ్యి పోనిచ్చినవాడికి గుచ్చుకునేది అదే. కోత అయ్యాక ఆకురాయిని ఏటవాలుగా పట్టి, మీ నుంచి అవతలికి ఒకే దిక్కుకు రెండు మూడు సార్లు లాగండి. ఎప్పుడూ చెయ్యి తగిలే అంచు అయితే 10 మిల్లీమీటర్ల మేర మడిచేయడం ఇంకా మంచిది. తెగిన ముక్కలు వెంటనే బకెట్‌లోకి వెళ్లాలి.

ఇప్పుడు స్క్రూ దగ్గరికి వద్దాం, గ్లౌజు తీయించేది ఎక్కువగా ఇదే కాబట్టి. సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూను రెండు వేళ్ల మధ్య నిలబెట్టి మెషీన్ ఆన్ చేస్తారు. జింకు పూత నునుపు మీద స్క్రూ కొన నిలవదు, పక్కకు పరిగెడుతుంది. పక్కనే ఉన్నది బొటనవేలు. దీనికి మందు అయస్కాంతం ఉన్న సాకెట్. స్క్రూను సాకెట్‌లో పెడితే అది తానే నిలబడుతుంది, వేళ్లతో పని లేదు. స్క్రూ తల 8 మిల్లీమీటర్లదైతే సాకెట్ అంతే ఉండాలి. అరిగిన సాకెట్‌లో స్క్రూ తల ఊగుతుంది, ఊగిందంటే కొన జారుతుంది. కాబట్టి సాకెట్ అరిగితే మార్చేయండి. స్క్రూ పడే చోట సెంటర్ పంచ్‌తో చిన్న గుంట కొట్టండి, మొదట నెమ్మదిగా తిప్పండి, కొన పట్టు దొరికాక వేగం పెంచండి. రెండో చెయ్యి మెషీన్ మీదే ఉండాలి, లేదంటే కనీసం జానెడు దూరంలో. రేకు కింది వైపు కూడా గుర్తుంచుకోండి. బిగిసిన స్క్రూ కొన కింద బయటికి పొడుచుకు వస్తుంది. పర్లిన్ పట్టుకుని పక్కకు జరిగేవాళ్లకు, తర్వాత వైరింగ్ చేయడానికి వచ్చేవాళ్లకు ఆ కొనలు అరచేతిలో దిగుతాయి. పైన స్క్రూలు పడుతున్నంతసేపు కింద ఆ వరసలో ఎవరి చెయ్యీ ఉండకూడదు.

ఇక గ్లౌజులు. అన్ని పనులకూ సరిపోయే జత అంటూ ఏదీ లేదు. రేకుల పనికి కోతను తట్టుకునే దారంతో అల్లినది, అరచేతి వైపు నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరు పూత ఉన్నది కావాలి. నైట్రైల్ నూనె తడిలోనూ పట్టు ఇస్తుంది. మామూలు నూలు గ్లౌజులు మురికిని ఆపుతాయి, రేకును ఆపవు. మంచి గ్లౌజు వెనక సుత్తి బొమ్మ, ఈఎన్ 388 అన్న యూరప్ ప్రమాణం ముద్ర, దాని కింద కొన్ని అంకెలు, అక్షరాలు కనిపిస్తాయి. ఉదాహరణకు 4X43D అని ఉందనుకోండి. మొదటి అంకె అరుగుదలకు, రెండోది గుండ్రటి బ్లేడు కోతకు, మూడోది చిరుగుకు, నాలుగోది గుచ్చుడుకు. X అంటే ఆ పరీక్ష చేయలేదని, సున్నా అని కాదు. కోతను ఎంత తట్టుకుంటుందో చెప్పే చివరి అక్షరమే రేకుల పనివాళ్లు చూడాల్సింది. అది A నుంచి F వరకు ఉంటుంది, A అన్నిటికన్నా తక్కువ. C అంటే 10 న్యూటన్ల బలంతో కోసినా, D అంటే 15 న్యూటన్లతో కోసినా తట్టుకుందని. రేకులు మోసేవాళ్లకు D ఉండాలన్నది మా అభిప్రాయం. అయితే కోతను ఆపే అల్లిక మేకును ఆపుతుందనుకోవద్దు. సన్నటి మొన అల్లిక సందులోంచి దూరిపోతుంది.

అల్లికకు గేజ్ అని ఇంకో అంకె ఉంటుంది. అంకె పెరిగే కొద్దీ గ్లౌజు పలచన. 18 గేజ్ గ్లౌజుతో స్క్రూ తీయవచ్చు, పెన్సిల్ పట్టవచ్చు. 10 గేజ్‌తో కష్టం. వేళ్లతో చేసే సన్న పని ఉన్న మనిషికి మందపాటి గ్లౌజు ఇస్తే మధ్యాహ్నానికల్లా అది జేబులోకి వెళ్తుంది. సైజు కూడా అంతే ముఖ్యం. బొటనవేలు వదిలేసి, వేళ్ల మొదళ్ల దగ్గర అరచేతి చుట్టూ టేపు పెట్టి అంగుళాల్లో కొలవండి. 8 వస్తే 8 సైజు, 9 వస్తే 9. వేళ్ల చివర ఖాళీ మిగిలితే ఆ ఖాళీనే డ్రిల్ బిట్ చుట్టేసుకుంటుంది. అందుకే తిరిగే బిట్ దగ్గర వదులు గ్లౌజు కన్నా ప్రమాదం ఇంకోటి లేదు. తోలు గ్లౌజులైనా, దారాలు వేలాడే పాత గ్లౌజులైనా అక్కడికి తేవద్దు.

తారు పని చేసేవాళ్లు ఈ మాట ప్రత్యేకంగా వినాలి. కోతను తట్టుకునే గ్లౌజుల్లో చాలావాటిని ఒక రకం పాలిఎథిలీన్ దారంతో అల్లుతారు. అది 150 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. కాగిన తారు 200 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. అంటే రేకుకు మేలు చేసిన గ్లౌజే తారు దగ్గర కరిగి చర్మానికి అంటుకుంటుంది. తారుకు వేడి కోసం చేసిన తోలు గ్లౌజు గానీ, అరామిడ్ అనే వేడిని తట్టుకునే దారంతో అల్లిన గ్లౌజు గానీ కావాలి. దాని మీద వేడికి సంబంధించిన ప్రమాణం ఈఎన్ 407 అని ఉండి, కింద ఉన్న అంకెల్లో రెండోది 2 అయినా ఉండాలి. 250 డిగ్రీల వేడి వస్తువు తగిలితే 15 సెకన్ల పాటు అడ్డుకుంటుందని దాని అర్థం. చొక్కా చెయ్యి గ్లౌజు మీదికి రావాలి, లోపలికి దోపకూడదు. దోపితే చిందిన తారు నేరుగా గ్లౌజులోకి దిగుతుంది. బకెట్ ముప్పావు కన్నా ఎక్కువ నింపవద్దు. తడి బకెట్, తడి గ్లౌజు తారు దగ్గరికి రానివ్వద్దు. నీటి చుక్క కాగిన తారులో పడితే ఒక్కసారిగా ఆవిరై తారును పైకి చిమ్ముతుంది.

ఎండలో కాగిన రేకు కూడా చెయ్యి కాలుస్తుంది. లోహం 60 డిగ్రీలు దాటితే దాన్ని కొన్ని సెకన్లు పట్టుకున్నా బొబ్బలెక్కుతుంది.

పెంకులు, సిమెంటు పూత పనివాళ్లకు ముప్పు వేరు. తడి సిమెంటు గాఢమైన క్షారం, అది చర్మాన్ని నొప్పి తెలియకుండా తినేస్తుంది, గంటల తర్వాత మంట మొదలవుతుంది. తోలు గ్లౌజు ఆ తడిని పీల్చి చేతికి పట్టి ఉంచుతుంది కాబట్టి గ్లౌజు లేనిదానికన్నా హాని. నీళ్లు దూరని పూత ఉన్న గ్లౌజు వేసుకోండి. లోపలికి సిమెంటు నీరు దిగితే వెంటనే తీసి మంచినీళ్లతో చెయ్యి కడగండి.

మేకు కొట్టేటప్పుడు దాన్ని కింద మొన వైపు పట్టుకోకుండా తల దగ్గర పట్టుకోండి. సుత్తి తప్పితే వేళ్లు పక్కకు తోసుకుపోతాయి, చెక్క మీద నలగవు. మేకుల గన్ అయితే రెండో చెయ్యి అడుగు దూరంలో ఉండాలి, ట్రిగ్గర్ మీద వేలు పెట్టుకుని తిరగకూడదు. ముక్కు నొక్కాక ప్రతి మేకుకూ ట్రిగ్గర్ మళ్లీ లాగాల్సిన రకం కొనండి. ట్రిగ్గర్ నొక్కి ఉంచి ముక్కు తాకిస్తే చాలు పేలే రకం వేగంగా నడుస్తుంది, కానీ ఎగిరిపడి రెండో మేకును ఎక్కడ దించుతుందో తెలియదు.

ఉంగరం, గడియారం నిచ్చెన ఎక్కకముందే తీసేయండి. కాలు జారి దూకేటప్పుడు ఉంగరం మేకుకో నిచ్చెన మెట్టుకో తట్టుకుంటే, ఒంటి బరువంతా ఆ వేలి మీద పడి చర్మం తొడుగులా ఊడి వస్తుంది. తాడుతో సామాను లాగేటప్పుడు చేతికి చుట్టుకోవద్దు. బరువు జారితే తాడుతో పాటు చెయ్యీ వెళ్తుంది. నిచ్చెన ఎక్కేటప్పుడు చేతుల్లో ఏమీ ఉండకూడదు, పనిముట్లు బకెట్‌లో పెట్టి పైకి లాగాలి.

ఇంత చేసినా దెబ్బ తగిలితే? తెగిన చోట శుభ్రమైన గుడ్డ పెట్టి 10 నిమిషాలు గట్టిగా అదమండి, చెయ్యి గుండె కన్నా ఎత్తులో ఉంచండి, మధ్యలో తీసి చూడవద్దు. రక్తం ఆగాక ఒక్కో వేలినీ ముడవమని, చాపమని చెప్పండి. వేలి చివర రెండు పక్కలా తాకి స్పర్శ తెలుస్తోందా అడగండి. వేలు కదలకపోయినా, ఒక పక్క మొద్దుబారినా టెండనో నరమో తెగి ఉండవచ్చు. గాయం ఎంత చిన్నగా కనబడినా ఆ రోజే సర్జన్ దగ్గరికి వెళ్లాలి. వాటర్‌ప్రూఫింగ్ పూతను అధిక పీడనంతో కొట్టే స్ప్రే గన్ వేలికి తగిలితే సూదిపోటంత గుర్తే కనిపిస్తుంది. లోపల మాత్రం రసాయనం వేలి పొడుగునా పాకి ఉంటుంది. నొప్పి లేకపోయినా అది అత్యవసరమే.

చేతికి తారు అంటుకుంటే 20 నిమిషాలు చల్లటి నీళ్ల ధార కింద ఉంచండి. తారును పీకవద్దు, కిరోసిన్, పెట్రోలు రాయవద్దు. తారు వేలి చుట్టూ ఉంగరంలా గట్టిపడితే, వాపు పెరిగే కొద్దీ రక్తప్రసారం ఆగుతుంది. ఆ మాట ఆసుపత్రిలో ముందుగా చెప్పండి.

వేలు తెగి పడితే దాన్ని తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండా మూసి, ఆ సంచిని మంచు కలిపిన నీళ్లలో పెట్టి మనిషితో పాటే పంపండి. వేలికి మంచు నేరుగా తగిలితే కణాలు గడ్డకట్టి దెబ్బతింటాయి, అతికించడం కష్టమవుతుంది. మురికి పట్టిన గాయమైతే ధనుర్వాతం టీకా చివరగా ఎప్పుడు వేయించుకున్నారో డాక్టర్‌కు చెప్పండి. 5 ఏళ్లు దాటి ఉంటే మళ్లీ వేస్తారు.

పని ముగిశాక గ్లౌజులను తిరగేసి, వేళ్ల సందుల్లో దిగబడిన రేకు రజను దులపండి. నీడలో ఆరేయండి, ఎండకు అరామిడ్ దారం బలం కోల్పోతుంది. పూత లేచిపోయినా, ఒక్క వేలి దగ్గర తెగినా ఆ జతను పక్కన పడేయండి. చెమటకు తడిసినప్పుడు మార్చుకోవడానికి రెండో పొడి జతను ఎక్కే ముందే పనిముట్ల బకెట్‌లో పెట్టుకోండి. అది కింద సంచిలో ఉంటే దాని కోసం ఎవరూ నిచ్చెన దిగరు, ఒట్టి చేతులతోనే పని కానిస్తారు.