పన్నెండుగురి ఇంట్లో మిగిలిన ఇద్దరు

అందరికీ నమస్కారం. పోయిన నెల ఇదే హాల్లో ట్యాక్సుల మీద మాట్లాడితే కుర్చీలు చాల్లేదు. ఈసారి అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ అనేసరికి బోలెడు మిగిలాయి. ఫరవాలేదు, ముందుకొచ్చి కూర్చోండి. ఇదీ డబ్బు గురించే.

నేను తెనాలిలో పెరిగినవాణ్ణి. నాకు తెలిసిందల్లా క్రికెట్టే. సియాటిల్ వచ్చిన కొత్తలో ఈ ఆట టీవీలో చూస్తే నాలుగు సెకన్లు పరిగెత్తడం, ఒకడి మీద ఒకడు పడటం, ఆ తర్వాత ప్రకటనలు. ఇదేం ఆటరా బాబూ అని పదిహేనేళ్లు దాని జోలికి పోలేదు. 2021లో మా అమ్మాయి పుల్‌మన్‌లోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో చేరింది. నా చదువు కూడా అప్పుడే మొదలైంది.

ఇండియా నుంచి పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్లు ముందు వరసలో ఉన్నారు కాబట్టి వాళ్ల కోసం ఒక్క మాట. కాలేజీ ఆట అంటే మన ఇంటర్ కాలేజీ పోటీల్లాంటిది అనుకోకండి. మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలో 1,07,601 మంది కూర్చోవచ్చు. మ్యాచ్ ఉన్న శనివారం ఆ సీట్లన్నీ నిండుతాయి. ఈ యూనివర్సిటీలు గుంపులుగా ఏర్పడి ఆడతాయి. ఆ గుంపు పేరు కాన్ఫరెన్స్. మొన్నమొన్నటి దాకా కాన్ఫరెన్స్ అంటే ఇరుగుపొరుగే. ఏటా అవే టీములు, అవే పాత కక్షలు. టీవీ వాళ్లిచ్చే డబ్బు అందరూ పంచుకునేవాళ్లు. పసిఫిక్ తీరంలోవాళ్ల గుంపు పాక్-12. 1915లో పోర్ట్‌లాండ్‌లో నాలుగు యూనివర్సిటీలతో మొదలైంది. ఎనిమిదయ్యాయి, పదయ్యాయి, 2011లో పన్నెండయ్యాయి. 2024 ఆగస్టు నాటికి అందులో మిగిలింది రెండే. నేను చెప్పబోయేది ఆ కథ.

పుల్‌మన్ ఎప్పుడైనా వెళ్లారా? సియాటిల్ నుంచి దాదాపు ఐదు గంటలు. కనుమ దాటాక చెట్లు పల్చబడతాయి. వ్యాంటేజ్ దగ్గర కొలంబియా నది మీద వంతెన దాటి 26వ నంబరు రోడ్డు ఎక్కితే ఇక గంటల తరబడి మనుషులుండరు. తర్వాత పాలూస్ గుట్టలు వస్తాయి. గుట్ట మీద గోధుమ, గుట్ట కింద గోధుమ. జూన్‌లో పచ్చగా, ఆగస్టులో బంగారు రంగులో, కోత అయ్యాక గొరిగిన గుండులా ఉంటాయి. కోల్‌ఫ్యాక్స్ అని ఒక చిన్న ఊరు దాటితే పుల్‌మన్. ఆ ఊరికి యూనివర్సిటీయే ఆధారం. అక్కడ డెయిరీలో చీజ్‌ని రేకు డబ్బాల్లో పెట్టి అమ్ముతారు. మా ఆవిడ ప్రతిసారీ నాలుగు డబ్బాలు తెస్తుంది, రెండు పక్కింటివాళ్లకి పోతాయి. శనివారం మ్యాచ్ ఉంటే ఊరి జనాభా అంతమంది స్టేడియంలోనే ఉంటారు. హోటల్ గది దొరకదు. మొదటిసారి తెలియక వెళ్లి స్పోకేన్‌లో పడుకున్నాం.

ఇంకో సంగతి. ఈఎస్‌పీఎన్ అనే స్పోర్ట్స్ ఛానెల్లో శనివారం పొద్దున్నే 'కాలేజ్ గేమ్‌డే' అని ఒక కార్యక్రమం వస్తుంది. ప్రతివారం ఒక్కో ఊరి నుంచి చేస్తారు. వెనక జనంలో ఎర్రటి జెండా ఒకటి ఊగుతూ ఉంటుంది. అది వాషింగ్టన్ స్టేట్ జెండా. ఎక్కడో అలబామాలో కార్యక్రమం జరుగుతున్నా ఆ జెండా ఉంటుంది. 2003 నుంచి ఒక్క వారం తప్పలేదు. ఆ ఊళ్లో ఉన్న పూర్వ విద్యార్థులెవరో ఒకరు తెల్లవారుజామున లేచి దాన్ని పట్టుకుని నిలబడతారు. కూలీ లేదు, పేరు రాదు. నేను ఈ ఆటను మొదట అర్థం చేసుకున్నది ఆ జెండాను చూసే. ఇంత అభిమానం ఉన్నచోట డబ్బుకి ఎంత బలముంటుందో ఆ తర్వాత తెలిసింది.

కథ అసలు మొదలైంది 1984లో. అంతకు ముందు టీవీలో ఎన్ని మ్యాచ్‌లు రావాలో కాలేజీ ఆటల్ని నడిపే జాతీయ సంస్థ ఎన్‌సీఏఏ నిర్ణయించేది. ఒక టీము రెండేళ్లలో ఆరుసార్ల కంటే ఎక్కువ టీవీలో కనబడకూడదు. మా ఆట మేం అమ్ముకుంటాం అని ఓక్లహోమా, జార్జియా యూనివర్సిటీలు కోర్టుకెళ్లాయి. సుప్రీంకోర్టు 7–2తో వాళ్ల వైపే తీర్పిచ్చింది. కాదన్న ఇద్దరిలో ఒకాయన జస్టిస్ బైరన్ వైట్. ఆయన కాలేజీ రోజుల్లో కొలరాడో టీములో పెద్ద ఆటగాడు. విడిగా అమ్ముకోనిస్తే ఇది చదువుకి దూరమై పూర్తిగా వ్యాపారమైపోతుందని ఆయన భయం. చట్టం ప్రకారం మెజారిటీ చెప్పిందే సబబు కావచ్చు, నేను లాయర్ని కాను. కానీ లోపల ఆడి వచ్చినవాడికి ఏదో తెలిసింది అనిపిస్తుంది నాకు.

అక్కణ్ణుంచి మ్యాప్ గీసింది టీవీయే. 2014లో మధ్యపశ్చిమ రాష్ట్రాల గుంపైన బిగ్ టెన్ కాన్ఫరెన్స్ రట్గర్స్, మేరీల్యాండ్ యూనివర్సిటీల్ని చేర్చుకుంది. రట్గర్స్ గొప్పగా ఆడుతుందని కాదు. న్యూయార్క్ పక్కన న్యూజెర్సీలో ఉంది కాబట్టి, అక్కడి కేబుల్ ఇళ్లన్నిట్లో బిగ్ టెన్ ఛానెల్‌కి నెలనెలా డబ్బులొస్తాయని. ఫుట్‌బాల్ ముఖం చూడని ముసలావిడ కూడా తెలియకుండానే చందా కట్టినట్టు. మన పాక్-12 వాళ్లు కూడా 2012లో సొంత ఛానెల్ పెట్టారు. బిగ్ టెన్ ఫాక్స్‌ని భాగస్వామిగా పెట్టుకుంటే వీళ్లు మొత్తం మాదే అన్నారు. డిష్‌తో ఇళ్లకి టీవీ ఇచ్చే డైరెక్‌టీవీతో బేరం ఎన్నడూ కుదరలేదు. మా వీధిలో ఆ డిష్ ఉన్నవాళ్లు ఊళ్లో టీము ఆట చూడటానికి బారుకెళ్లేవాళ్లు.

2021లో టెక్సస్, ఓక్లహోమా యూనివర్సిటీలు దక్షిణాది గుంపైన ఎస్‌ఈసీకి వెళ్తామన్నాయి. 2022 జూన్ 30న లాస్ ఏంజెలిస్‌లోని రెండు యూనివర్సిటీలు, యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ, పాక్-12 వదిలి బిగ్ టెన్‌కి వెళ్తున్నామన్నాయి. లాస్ ఏంజెలిస్ పోయాక పాక్-12 చేతిలో అంత పెద్ద టీవీ మార్కెట్ ఇంకోటి లేదు. ఆ ఆగస్టులోనే బిగ్ టెన్ ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో ఏడేళ్లకి 7 బిలియన్ డాలర్ల పైచిలుకు ఒప్పందం చేసుకుంది. పోలిక కోసం చెప్తున్నా, మన ఐపీఎల్ 2023 నుంచి 2027 దాకా ఐదేళ్ల హక్కులు 48,390 కోట్ల రూపాయలకి పోయాయి. అంటే ఆరు బిలియన్ డాలర్ల పైమాట. నూట నలభై కోట్ల మంది దేశపు ఆటకీ, ఒక ప్రాంతపు కాలేజీ పిల్లల ఆటకీ ఇంచుమించు ఒకటే స్థాయి డబ్బు.

ఒక్కో యూనివర్సిటీకి ఏటా 30 మిలియన్ డాలర్లు ఇస్తామని ఈఎస్‌పీఎన్ పాక్-12 పెద్దలకి చెప్పిందని, వీళ్లు 50 అడిగారని తర్వాత వార్తల్లో వచ్చింది. ఈఎస్‌పీఎన్ లేచి వెళ్లిపోయింది. బేరం ఆడటం తప్పు కాదు, మనవాళ్లకి చెప్పాలా. కానీ పక్క కొట్టువాడు ఏం చేస్తున్నాడో చూసుకోవాలి. బిగ్ 12 అనే ఇంకో కాన్ఫరెన్స్ ఆ అక్టోబరులోనే తొందరగా సంతకం పెట్టేసి, ఒక్కో యూనివర్సిటీకి దాదాపు 31.7 మిలియన్లు ఖాయం చేసుకుంది. వీళ్లకి చివరికి దొరికింది యాపిల్. స్ట్రీమింగ్ చందాలు పెరిగితే డబ్బు పెరుగుతుంది, లేకపోతే సుమారు 23 మిలియన్లతో సరిపెట్టుకోవాలి.

2023 జులైలో కొలరాడో బయటికి నడిచింది. జస్టిస్ వైట్ చదివిన కొలరాడోనే. ఆగస్టు 4, శుక్రవారం పొద్దున మిగతావాళ్లు సంతకాలకని కూర్చున్నారు. సాయంత్రానికి మన ఊరి యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్, ఆరెగన్ బిగ్ టెన్‌లో ఉన్నాయి. ఆరిజోనా, ఆరిజోనా స్టేట్, యూటా బిగ్ 12లో ఉన్నాయి. మా అమ్మాయి ఫోన్ చేసి, "నాన్నా, మా కాన్ఫరెన్స్ పోయింది" అంది. డ్రైవింగ్‌లో ఉన్నాను. ఏదో సెమినార్ రద్దయిందనుకుని, "పోనీలేమ్మా, ఇంకోటి వస్తుంది" అన్నాను. వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

నెల తిరక్కుండా స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీలోని కాల్ ఏసీసీలో చేరాయి. ఏసీసీ అంటే అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్. శాన్‌ఫ్రాన్సిస్కో పక్కన అట్లాంటిక్ ఎక్కడుందో నాకు తెలీదు. బిగ్ టెన్‌లో పద్దెనిమిది టీములు, బిగ్ 12లో పదహారు, పాక్-12లో రెండు. ఇక్కడ సగం మంది సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లే. వేరియబుల్‌కి ఇలాంటి పేరు పెడితే కోడ్ రివ్యూలో ఏమంటారో మీకు తెలుసు.

మిగిలిన ఇద్దరు మా వాషింగ్టన్ స్టేట్, ఆరెగన్ స్టేట్. రెండూ వ్యవసాయ కాలేజీలుగా ఎదిగినవే, రెండూ చిన్న ఊళ్లే, టీవీ సెట్లు తక్కువ. తప్పు అంతే. ఇల్లు వదిలి వెళ్తున్న పదిమందీ ఇంటి ఆస్తి మీద మాకూ ఓటుంది అన్నారు. వీళ్లు కోర్టుకెళ్లారు. ఎక్కడో తెలుసా? ఇందాక చెప్పిన కోల్‌ఫ్యాక్స్‌లో. మేం చీజ్ డబ్బాలతో స్పీడు తగ్గించుకుని దాటే ఆ చిన్న ఊరి కోర్టులో, వెళ్లిపోయేవాళ్లకి పెత్తనం లేదని నవంబరులో తీర్పొచ్చింది. రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా అందులో వేలు పెట్టలేదు. చివరికి 65 మిలియన్ల దగ్గర రాజీ కుదిరింది. వేరు కాపురాల పంపకాల్లో మన సివిల్ కోర్టులు ఇరవై ఏళ్లు తీసుకుంటాయి. ఇక్కడ ఆర్నెల్లలో తేలిపోయింది, అది మాత్రం మెచ్చుకోవాలి. అటు కాలిఫోర్నియాలో ఇంకో తమాషా. యూసీఎల్‌ఏ, కాల్ ఒకే యూనివర్సిటీ వ్యవస్థలో అక్కాచెల్లెళ్లు. అక్క పెద్దింటికి వెళ్లి చెల్లెల్ని నష్టపరిచిందని, ఏటా 10 మిలియన్లు చెల్లెలికి ఇవ్వాలని రీజెంట్లు, అంటే ఆ వ్యవస్థ పాలక మండలి, తీర్మానించారు. ఒకరకంగా భరణం.

ఇంతకీ వెళ్లినవాళ్లు సుఖపడ్డారా? డబ్బు విషయంలో అవును. 2024 సెప్టెంబరులో మన వాషింగ్టన్ టీము దాదాపు 2,400 మైళ్లు ఎగిరి న్యూజెర్సీ వెళ్లింది. శుక్రవారం రాత్రి రట్గర్స్ చేతిలో 21–18తో ఓడి వెనక్కి వచ్చింది. ఫుట్‌బాల్ వాళ్లకి చార్టర్ విమానం, వారానికి ఒక్క మ్యాచ్. నా బాధ వాళ్ల గురించి కాదు. వాలీబాల్, సాఫ్ట్‌బాల్ ఆడే అమ్మాయిల గురించి. వాళ్లకి వారానికి రెండు మూడు మ్యాచ్‌లుంటాయి. మ్యాచ్ ఆడి, దేశం ఈ చివర్నుంచి ఆ చివరికి వచ్చి, పొద్దున్నే ఆర్గానిక్ కెమిస్ట్రీ పరీక్ష రాయాలి. ఫుట్‌బాల్ కోసం కుదిరిన పెళ్లికి వీళ్లంతా కాపురం చేస్తున్నారు.

ఇక ఆటగాళ్ల డబ్బు. ఇందులో నేను పిల్లల పక్షమే. కోచ్‌కి ఏడాదికి పది మిలియన్లు ఇచ్చేచోట, ఎముకలు విరగ్గొట్టుకునేవాడికి ఫీజు మాఫీ చాలంటే ఒప్పుకోను. 2021 జులై నుంచి తమ పేరు, ముఖం మీద సంపాదించుకునే హక్కు వచ్చింది. 2025 జూన్‌లో ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసు రాజీకి జడ్జి క్లాడియా విల్కెన్ ఆమోదం తెలిపాక, యూనివర్సిటీలే నేరుగా ఇవ్వడం మొదలైంది. మొదటి ఏడాది ఒక్కో యూనివర్సిటీకి పరిమితి 20.5 మిలియన్లు. చాలాచోట్ల అందులో ముప్పావు వంతు ఫుట్‌బాల్‌కే. మరి ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది? మన పిల్లల్ని నాలుగో ఏటి నుంచి టెన్నిస్‌కి, ఈతకి తిప్పుతున్నారే, ఆ తల్లిదండ్రులు ఇది వినాలి. కాలిఫోర్నియాలో కాల్ పాలీ యూనివర్సిటీ 2025 మార్చిలో స్విమ్మింగ్ టీముల్ని మూసేసింది. చెప్పిన కారణాల్లో ఈ రాజీ ఒకటి. రేపు మన పాప బ్యాక్‌స్ట్రోక్ ఎంత బాగా చేసినా, ఆ లైన్ బడ్జెట్‌లో ఉండాలి కదా.

ముందేం జరుగుతుంది అని అడుగుతారు. ఎస్‌ఈసీ, బిగ్ టెన్ ఇంకా పెరుగుతాయని, ఓ నలభై టీములతో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి చిన్న నకలు తయారవుతుందని నా అనుమానం. ఆపడం మన చేతుల్లో లేదు, ఆపాల్సిన పని కూడా లేదేమో. నా వాదన ఒక్కటే. ఫుట్‌బాల్‌ని విడిగా పోనివ్వండి, మిగతా ఆటల్ని ఇంటికి పంపించండి. జరగని పని కాదు. నోటర్‌డామ్ యూనివర్సిటీ ఫుట్‌బాల్‌లో ఏ కాన్ఫరెన్స్‌లోనూ కలవదు, మిగతా ఆటలు చాలావరకు ఏసీసీలో ఆడుతుంది. కనెటికట్ యూనివర్సిటీ 2020లో బాస్కెట్‌బాల్ కోసం పాత చుట్టాలున్న బిగ్ ఈస్ట్ కాన్ఫరెన్స్‌కి తిరిగెళ్లి, ఫుట్‌బాల్ ఒంటరిగా ఆడుకుంటోంది. 2026 జులై నుంచి బాయిసీ స్టేట్, ఫ్రెస్నో స్టేట్ లాంటివాళ్లతో కొత్త పాక్-12 నిలబడుతోంది. అందులో స్పోకేన్‌లోని గొంజాగా యూనివర్సిటీ కూడా ఉంది. గొంజాగాకి ఫుట్‌బాల్ టీమే లేదు. పుల్‌మన్ నుంచి గంటంపావు ప్రయాణం. మన వాలీబాల్ అమ్మాయిలు బస్సులో వెళ్లి ఆడి రాత్రి సొంత మంచం మీద పడుకోవచ్చు.

2024 సెప్టెంబరు 14న మా అమ్మాయితో యాపిల్ కప్ చూడ్డానికి సియాటిల్ డౌన్‌టౌన్‌కి వెళ్లాను. వాషింగ్టన్, వాషింగ్టన్ స్టేట్ 1900 నుంచి ఆడుతున్న పోరు అది. ఒకే కాన్ఫరెన్స్‌లో లేకుండా ఆడటం అరవై ఏళ్లు దాటాక ఇదే. చివరి నిమిషాల్లో మనోళ్లు, అంటే పుల్‌మన్ వాళ్లు, గీత దగ్గర ఒక్క గజం కాపాడుకుని 24–19తో గెలిచారు. నా గొంతు రెండు రోజులు రాలేదు. ఆ రోజు హీరో క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపేవాడు, జాన్ మటీర్. చలికాలం వచ్చేసరికి అతను ఓక్లహోమాకి వెళ్లిపోయాడు. కోచ్ వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీకి వెళ్లిపోయాడు. అంతకు ముందు ఏడాది క్వార్టర్‌బ్యాక్ క్యామ్ వార్డ్ మయామీకి వెళ్లి, అక్కణ్ణుంచి ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో మొదటివాడిగా ఎంపికయ్యాడు. పిల్లల్ని ఏమీ అనను, మనమూ రెండేళ్లకోసారి కంపెనీ మారినవాళ్లమే.

మా అమ్మాయి గ్రాడ్యుయేషన్‌కి జెర్సీ కొనిద్దామని యూనివర్సిటీ స్టోర్‌కి వెళ్లాం. ఎవరి పేరు వేయించమంటావు అని అడిగాను. హ్యాంగర్‌కి ఉన్నవాటిని అటూ ఇటూ జరిపి చూసి, "వెనక పేరు లేనిది తీసుకో నాన్నా" అంది.