లైసెన్స్ సస్పెండ్ అయిన మూడు నెలలు

శ్రోతలందరికీ నమస్కారం.

మా బావ వాళ్లది డోన్. నెమ్మదస్తుడు. పదిహేనేళ్లుగా కారు నడుపుతున్నా బంపరుకు గీత పడనివ్వలేదు. అలాంటి మనిషి ఒకరోజు కర్నూలు నుంచి వస్తూ, వెల్దుర్తి దగ్గర హైవే మీద ఫోన్ మాట్లాడుతూ దొరికిపోయాడు. లైసెన్స్ మూడు నెలలు సస్పెండ్ చేశారు.

మొదట్లో కారును ముట్టుకోలేదు. వేపచెట్టు కింద కవర్ కప్పి పెట్టాడు. యాభై రెండో రోజు గుత్తిలో దగ్గరివాళ్ల నిశ్చితార్థం వచ్చింది. నేను ఫోన్ చేసి, "బావా, ఆ పూటకు డబ్బిచ్చి యాక్టింగ్ డ్రైవర్‌ను పిలిపించుకో" అన్నాను. "గంట కూడా పట్టని దారికి డ్రైవరెందుకప్పా? ఇన్సూరెన్స్ ఉంది కదా, మొన్ననే ప్రీమియం కట్టాను కదా" అన్నాడు.

ప్రీమియం కట్టాను కదా. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

రాత్రి తొమ్మిదిన్నరకు తిరిగొస్తుంటే పక్కదారిలోంచి ఒకాయన మోపెడ్ మీద హైవే ఎక్కాడు. సంతలో అమ్ముడుపోని ఎర్రగడ్డల మూట వెనక కట్టుకున్నాడు. బావ బ్రేక్ వేశాడు గానీ కారు ఆగలేదు. ఆయన కాలు విరిగింది. మూట పిగిలి ఎర్రగడ్డలు రోడ్డంతా దొర్లాయి. 108 వచ్చేదాకా ఆయన తల తన ఒళ్లోనే ఉందని చెప్పేటప్పుడు మా బావకు ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది.

కారును షెడ్డుకు చేర్చాక క్లెయిమ్ ఫారం నింపాలి. అందులో ఒక గడి ఉంటుంది. ప్రమాదం జరిగినప్పుడు బండి నడిపింది ఎవరు, లైసెన్స్ నంబరు ఎంత అని. బావ పెన్ను అక్కడ ఆగిపోయింది. "కొడుకు పేరు రాసెయ్యన్నా, ఎవరు చూడొచ్చారు?" అని షెడ్డులో ఎవరో అన్నారు. బావ రాయలేదు. అలా రాస్తే అది మోసమవుతుంది, ఇంకో కేసు మెడకు చుట్టుకుంటుంది. తన పేరే రాశాడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఆ రోజే.

నష్టం లెక్కగట్టడానికి వచ్చిన ఇన్సూరెన్స్ సర్వేయర్ లైసెన్స్ వివరాలు చూసి, క్లెయిమ్ రాదని చెప్పేశాడు. "ప్రీమియం కట్టాను కదా సార్!" అన్నాడు బావ. రిపేరుకు లక్షా నలభై వేలు చేతి డబ్బే పోయింది.

ఎందుకలా? లైసెన్స్ సస్పెండ్ అయినంత మాత్రాన పాలసీ రద్దు కాదు. పాలసీ బండి మీద ఉంటుంది, అది అలాగే నడుస్తుంది. కానీ పాలసీ కాగితంలో డ్రైవర్ గురించి ఒక షరతు ఉంటుంది. ప్రమాద సమయానికి బండి నడిపేవాళ్ల లైసెన్స్ చెల్లుబాటులో ఉండాలి, వాళ్ల మీద అనర్హత, అంటే ఇలాంటి సస్పెన్షన్, ఉండకూడదు. సొంతదారుకైనా ఇదే షరతు. ఓనరు కమ్ డ్రైవరుకు ఉండే 15 లక్షల ప్రమాద బీమాకూ ఇదే షరతు. అనర్హత ఉండగా నడిపితే, మోటారు వాహనాల చట్టం 182వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

మరి ఆ మోపెడ్ ఆయన సంగతి? స్వరణ్ సింగ్ కేసులో 2004లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇలాంటివాళ్లకు పెద్ద అండ అయింది. లైసెన్స్ లోపం ఉన్నా కంపెనీ ముందు బాధితుడికి చెల్లించాలి, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోవచ్చు అని చాలా కేసుల్లో తీర్పులు వచ్చాయి. ఆయనకూ అలాగే డబ్బు అందింది. అందినందుకు నాకు నిజంగా సంతోషం. ఆ డబ్బు ఇప్పుడు బావ కంపెనీకి కంతులుగా కడుతున్నాడు. ప్రీమియం కట్టిన మనిషే.

ఇంకొందరు దీనికి తిరకాసుగా ఆలోచిస్తారు. "మూడు నెలలు కారు కదలదు కదా, లైసెన్స్ వచ్చాకే రెన్యూవల్ చేయిద్దాం" అంటారు. దయచేసి అలా చేయకండి. పాలసీ గడువు దాటి 90 రోజులు గడిస్తే నో క్లెయిమ్ బోనస్ మొత్తం పోతుంది. ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా నడిపినవాళ్లకు, సొంత కారు డ్యామేజీకి కట్టే ప్రీమియంలో అది 50 శాతం తగ్గింపు. సస్పెన్షన్ మూడు నెలలు, బోనస్ గడువు 90 రోజులు. లెక్క ఎంత దగ్గరగా ఉందో చూడండి, నాలుగు రోజులు అటూ ఇటూ అయితే చాలు. పైగా గడువు తీరిన పాలసీకి మళ్లీ బండి ఇన్‌స్పెక్షన్ పెడతారు. రెన్యూవల్‌కు మీ లైసెన్స్ సస్పెన్షన్ అడ్డం కాదు. కారు మీ పేరు మీద ఉంది, బీమా మీ పేరు మీద ఉంటుంది, నడిపేది ఇంకొకరు. అంతే.

ఆ ఇంకొకరు యాక్టింగ్ డ్రైవర్ కావచ్చు, మీ ఇంటి అల్లుడే కావచ్చు. తాళం చేతిలో పెట్టే ముందు లైసెన్స్ ఒకసారి చూపించమనండి. మొహమాటం వద్దు. కారు నడపడానికి ఇచ్చిందేనా, బైక్‌కు మాత్రమేనా? గడువు ఎప్పటిదాకా ఉంది? ఫోన్‌లో ఎం-పరివాహన్ యాప్‌లో గానీ డిజిలాకర్ యాప్‌లో గానీ రెండు నిమిషాల పని. ఇప్పుడు మా బావ ఇంట్లో కారు తాళం మా అక్క దగ్గర ఉంటుంది. ఎవరు అడిగినా ముందు లైసెన్స్ చూసి, ఆ తర్వాతే తాళం తీసిస్తుంది. మొన్న పండక్కి వెళ్తే నన్నూ అడిగింది, చూపించాను.

సెలవు. నమస్కారం.