సమురాయ్ చాంప్లూ ఎందుకు అంత బాగుంటుంది, ఎక్కడ నిరాశపరుస్తుంది

హాయ్ అందరికీ, ఈ వీడియోలో సమురాయ్ చాంప్లూ గురించి మాట్లాడుకుందాం. 2004లో మొదలై 2005లో అయిపోయిన జపాన్ యానిమే (కార్టూన్) సిరీస్ ఇది, మొత్తం 26 ఎపిసోడ్లు, డైరెక్టర్ షినిచిరో వతనబే, అదే కౌబాయ్ బీబాప్ అనే ఇంకో యానిమే తీసినాయన. కొన్ని స్పాయిలర్లు ఉంటాయి, క్లైమాక్స్ మాత్రం చెప్పను.

కథ చాలా చిన్నది. ఫూ అని పదిహేనేళ్ళ పిల్ల, టీ కొట్టులో పని చేస్తుంటుంది. అక్కడికి ముగెన్, జిన్ అని ఇద్దరు కత్తి వీరులు వస్తారు, గొడవ ముదిరి కొట్టు మొత్తం తగలబడిపోతుంది, వాళ్ళిద్దరికీ మరణశిక్ష పడితే ఫూనే తప్పిస్తుంది, బదులుగా ఒక మాట తీసుకుంటుంది, పొద్దుతిరుగుడు పూల వాసన వచ్చే ఒక సమురాయ్‌ని వెతకడానికి తోడు రావాలి, అప్పటిదాకా మీరిద్దరూ ఒకర్నొకరు చంపుకోకూడదు అని. అంతే, ముగ్గురూ రోడ్డెక్కేస్తారు.

ఇక్కడ చాలామంది చేసే కంప్లైంట్ ఏంటంటే, ఆ సమురాయ్ సంగతి ఎపిసోడ్లకి ఎపిసోడ్లు ఎవరికీ గుర్తుండదు అని. నిజమే, ఉండదు. కానీ నా దృష్టిలో సిరీస్ ప్రాణం అక్కడే ఉంది. వీళ్ళకి ఎప్పుడూ ఆకలి, చేతిలో డబ్బులుండవు, ఏ ఊరికి పోతే ఆ ఊరి గొడవలో ఇరుక్కుంటారు, దానివల్ల ఎడో కాలం (షోగన్లు ఏలిన 1603-1868 నాటి) జపాన్‌లో రాజుల కథల్లో కనపడని మనుషులందరూ మనకి కనపడతారు, జూదగాళ్ళు, బొమ్మలు గీసేవాళ్ళు, నిషేధం వల్ల దాక్కుని బతికే క్రైస్తవులు, అప్పు కింద అమ్ముడుపోయిన ఆడవాళ్ళు.

[స్క్రీన్ మీద: 11వ ఎపిసోడ్, వాన]

11వ ఎపిసోడ్ చూడండి. షినో అని ఒకావిడ, భర్త చేసిన అప్పులకి వేశ్యాగృహానికి వెళ్ళాల్సిన పరిస్థితి. జిన్ అప్పటిదాకా మాటా పలుకూ లేని మనిషి, ఆవిడతో కాసేపు మాట్లాడ్డానికి డబ్బులు కట్టి లోపలికి పోతాడు. చివరికి ఆవిణ్ణి పడవ ఎక్కించి ఒక గుడికి పంపిస్తాడు, భర్త నుంచి విడిపోవాలనుకునే ఆడవాళ్ళకి ఆశ్రయం ఇచ్చే గుడి అది. అలాంటివి నిజంగానే ఉండేవి, కామకురాలో తోకేజి అలాంటిదే. జిన్ ఆ గుడిలోకి వెళ్ళలేడు, ఒడ్డునే ఆగిపోవాలి. పెద్ద కథతో దీనికి ఏ సంబంధం లేదు, కానీ జిన్ ఎలాంటివాడో నాకు అర్థమైంది మాత్రం ఈ ఒక్క ఎపిసోడ్‌తోనే, కత్తి ఎంత బాగా తిప్పినా ఆ మనిషికి దక్కనిది ఏంటో అక్కడ తెలుస్తుంది.

ఇక మ్యూజిక్. కత్తి యుద్ధాలకి హిప్ హాప్ పెట్టారు, నుజబేస్, ఫ్యాట్ జాన్, ఫోర్స్ ఆఫ్ నేచర్, సుచీ, వీళ్ళు చేశారు. ఇవాళ మనవాళ్ళు చదువుకుంటూ లోఫై బీట్స్, అంటే మెల్లగా సాగే హిప్ హాప్ మ్యూజిక్, పెట్టుకుంటారు కదా, ఆ సౌండ్‌కి నుజబేస్ చేసింది చాలా ఉంది, పాపం 2010లో రోడ్డు ప్రమాదంలో పోయాడు. ఫైటింగ్ కూడా బీట్‌కి తగ్గట్టే ఉంటుంది, ముగెన్ బ్రేక్ డాన్స్ చేసినట్టు నేలమీద చేతులాన్చి కాళ్ళతో కొడతాడు, జిన్‌ది డోజోలో, అంటే కత్తిసాము నేర్పే బడిలో, నేర్చిన పద్ధతి, అనవసరంగా ఒక్క అడుగు కూడా వెయ్యడు.

అయితే నాకు బాగా గుర్తుండిపోయిన చోట హిప్ హాప్ అసలు లేదు. 14వ ఎపిసోడ్, ముగెన్ చావు బతుకుల్లో ఉంటాడు. ముగెన్ ర్యూక్యూ మనిషి, 1609లో దక్షిణ జపాన్‌లోని సత్సుమా సంస్థానం వాళ్ళు దండెత్తి లొంగదీసుకున్న దీవులు అవి, జపాన్ వాళ్ళ కళ్ళకి ఇతను బయటివాడే. ఆ సీన్‌లో డైలాగులన్నీ ఆపేసి ఇకుఎ అసజాకి గొంతుతో అమామి దీవుల జానపదం ఒకటి వస్తుంది, ముగెన్ ఎక్కడి నుంచి వచ్చాడో, ఏం పోగొట్టుకున్నాడో ఎవ్వరూ నోటితో చెప్పరు, ఆ పాటే చెప్తుంది, నాకైతే ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది.

ఇప్పుడు నచ్చనివి. 22లో జాంబీలు, 23లో అమెరికా వాళ్ళతో బేస్‌బాల్, సరదాగానే ఉంటాయి కానీ అప్పటికే 20, 21 ఎపిసోడ్లు మనల్ని పిండేసి ఉంటాయి, ఆ బరువు మీద ఈ గోల ఏంటి అనిపిస్తుంది. చరిత్ర తప్పులంటారా, వాటిని నేను పట్టించుకోను, మొదటి ఎపిసోడ్‌లోనే ఇందులో చరిత్ర వెతకొద్దని వాళ్ళే చెప్పేశారు. పెద్ద విలన్‌ని చివర్లో తెచ్చి పెట్టడం మాత్రం తప్పే, జిన్ గతంతో అతనికి అంత ముడి ఉన్నప్పుడు ముందు నుంచే నీడలా కనిపించాల్సింది.

కానీ నా అసలు బాధ ఫూ గురించి. ఈ ప్రయాణం తనది, వెతుకుతున్నది తను, అయినా ఎన్నిసార్లు కిడ్నాప్ అవుతుందో చెప్పలేం, 5వ ఎపిసోడ్‌లో మొరోనొబు అనే చిత్రకారుడు బొమ్మ గీస్తానంటే వెళ్ళి ఆడవాళ్ళని అమ్మేవాళ్ళ చేతిలో పడుతుంది, ఆ తర్వాత కూడా అదే వరస. ముగెన్‌కి రెండు ఎపిసోడ్ల గతం ఇచ్చారు, జిన్‌కి షినోని ఇచ్చారు, ఫూకి ఏమిచ్చారు? ఎపిసోడ్‌కో కొత్త ఊరు పెట్టినప్పుడు ఎవరో ఒకరు ఆపదలో పడాలి, రాసేవాళ్ళకి తేలిగ్గా దొరికింది ఈ పిల్ల. చెయ్యలేక కాదు, 20వ ఎపిసోడ్‌లో సారా అని చూపులేని గాయని వచ్చి ఇద్దరిలో ఒకర్ని నాతో పంపమని అడుగుతుంది, ఎవర్ని పంపాలో తేల్చుకోలేక ఫూ నలిగిపోతుంది చూడండి, అలాంటి సీన్లు ఇంకో నాలుగు పడుంటే చివరి మూడు ఎపిసోడ్లు ఇంకెక్కడికో వెళ్ళిపోయేవి.

చూడని వాళ్ళు తప్పకుండా చూడండి, కానీ ఒక్క రాత్రిలో అన్నీ చూసెయ్యకండి, అలా చూస్తే కథ కదలట్లేదనిపిస్తుంది, రోజుకి ఒకటి రెండు చాలు. 12వది పాత సీన్లతో నడిచేది, వదిలేసినా పర్లేదు. 13, 14 మాత్రం కలిపి చూడండి, 20, 21 కూడా అంతే, మధ్యలో ఆపితే ఆ రాత్రి నిద్ర పట్టదు.