ఈ చిత్రిక వయసెంత? పాత స్టాన్లీ బెయిలీ నంబర్ 5 రివ్యూ

నమస్కారం. ఈ ఇనుప చిత్రికను మేముండే కనెక్టికట్‌లోనే ఒక పాత సామాన్ల సంతలో 30 డాలర్లకు కొన్నాను. స్టాన్లీ కంపెనీ చేసిన బెయిలీ రకం, నంబర్ 5. పొడవు సుమారు 14 అంగుళాలు. ఇది పుట్టిన న్యూ బ్రిటన్ ఊరు కూడా ఈ రాష్ట్రంలోనే ఉంది. మన వడ్రంగులు కొందరు చిత్రిక అంటారు, కొందరు రందా అంటారు. ఏ పేరుతో పిలిచినా, చెక్కను నున్నగా తీసే పని ఒక్కటే.

అమ్మినాయన దీన్ని "1902 నాటిది" అన్నాడు. లోపల ఆ సంవత్సరం అచ్చుపోసి ఉన్న మాట నిజమే. కానీ ఆ లెక్క తప్పు. ఎందుకు తప్పో విప్పి చూపిస్తాను.

ముందు పైమూత తీస్తున్నాను. ఇప్పుడు బ్లేడు. బ్లేడు ఆనుకుని కూర్చునే ఈ వాలు దిమ్మను ఫ్రాగ్ అంటారు. దాని వెనక, పిడికి ముందు, ఈ ఇరుకు చోట చూడండి. తుప్పు, నూనె జిడ్డు కలిసి గట్టిపడ్డాయి. ఇక్కడ గరుకు కాగితం వాడకండి, చిత్రిక జాతకమంతా ఇక్కడే ఉంది. కిరోసిన్ ముంచిన పాత పళ్ల బ్రష్‌తో మెల్లగా రుద్ది, పొడిగా తుడిచి, సుద్దముక్క అడ్డంగా రుద్దండి. ఉబ్బెత్తు అక్షరాలు తెల్లగా పైకి తేలతాయి. కనిపిస్తున్నాయా? మూడు పేటెంటు తేదీలు: మార్చి 25, 1902. ఆగస్టు 19, 1902. ఏప్రిల్ 19, 1910.

మూడో తేదీయే మనకు ముఖ్యం. 1910లో వచ్చిన పేటెంటును అంతకు ముందే ఇనుములో పోయలేరు కదా! పేటెంటు తేదీ ఆ వస్తువు పుట్టినరోజు కాదు, అంతకు ముందు పుట్టలేదనే హద్దు మాత్రమే. మూడు తేదీలున్న ఈ రకాన్ని సేకరించేవారు టైప్ 11 అంటారు, 1910 నుంచి 1918 మధ్యలో పెడతారు. ఆ తర్వాత తేదీలు రెండయ్యాయి, ఆపైన ఒక్కటే మిగిలింది.

మిగతా భాగాలు దీన్ని ఒప్పుకుంటున్నాయా? ముందు చేత్తో పట్టుకునే గుండు పొట్టిగా, నొక్కిన బంతిలా ఉంది. పొడుగు గుండు 1919 నుంచి వచ్చింది. లోతు సరిచేసే ఇత్తడి చక్రం అడ్డుకొలత అంగుళమే. అదీ 1919 నుంచే అంగుళంపావు అయింది. గుండు, పిడి రెండూ బ్రెజిల్ రోజ్‌వుడ్, మన జిట్రేగికి దాయాది. అన్నీ ఒకే మాట చెబుతున్నాయి.

బ్లేడు ఒక్కటే ఎదురు చెబుతోంది. పైన ముద్ర చూడండి: స్టాన్లీ పేరు, దాని కింద హృదయాకారంలో ఎస్, డబ్ల్యూ. స్టాన్లీ వర్క్స్ కంపెనీని దశాబ్దాలు నడిపిన విలియం హార్ట్ పేరును తలపించే గుర్తు ఇది. 1920లో ఈ చిత్రికలు చేసే స్టాన్లీ రూల్ అండ్ లెవల్ కంపెనీ, ఆ స్టాన్లీ వర్క్స్‌లో కలిశాక మొదలై, 1930ల మధ్యవరకు నడిచింది. అంటే ఈ బ్లేడు ఒంటి కంటే చిన్నది. కొందరు దీన్ని లోపంగా చూసి బేరం తగ్గిస్తారు. నాకు మాత్రం ఈ చిత్రికలో అన్నింటికంటే నచ్చినది ఇదే. మొదటి బ్లేడును సాన పట్టీ పట్టీ అరగదీసేంత పని ఎవరో చేసి ఉంటారని నా నమ్మకం. పిడి మీద బొటనవేలు ఆనే ఈ గుంట చూడండి, వార్నిష్ అంతా పోయి అద్దంలా మెరుస్తోంది.

మన ఊళ్లలో పాత ఇనుప చిత్రిక దొరికి, దాని మీద ఇంగ్లండులో చేసినట్టు ఉంటే ఈ లెక్కలు వాడకండి. స్టాన్లీ షెఫీల్డ్‌లో తయారీ మొదలుపెట్టింది 1930ల చివర్లో. వాటి గుర్తులు వేరు.

కొనేటప్పుడు నోటి దగ్గర, అంటే అడుగున బ్లేడు బయటికొచ్చే చీలిక దగ్గర, పక్క గోడల్లో పగుళ్లు వెతకండి. పగులుంటే వదిలేయండి. తుప్పుకు భయపడకండి. మరలు మాత్రం పారేయొద్దు, వీటి చుట్లు ప్రత్యేకం, మామూలు కొట్లో మరలు పట్టవు.

30 డాలర్లకు ఇది మంచి బేరమే. నిన్న రాత్రి సాన పట్టాను. ఇదిగో, మేపుల్ పలక మీద ఒక్క తోపు. ఈ పొట్టు చూడండి, వెనకున్న నా వేలు కనిపిస్తోంది.